మగ్గం గుంటలో సింగాడా

1961 జూన్ 18, ఆదివారం, ఉదయం పదిన్నర గంటలకు మా నాయన తన మగ్గం గుంటలోకి మొదటి బిందె నీళ్లు పోశారు. ఆ బిందెను బావి దగ్గరి నుంచి మోసుకొని వచ్చి ఆయన చేతికి అందించినది నా భార్య. నేను పెరటి గడప మీద, ఇస్త్రీ చేసిన బట్టలతో, చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాను. నాలో అసూయ అప్పుడే మొదలయింది. మనసులో పుట్టే ఇటువంటి వాటికి తేదీ, వేళ చెప్పగలగడం అరుదు. నాకు అది సాధ్యమైనది, నేను నిలబడిన చోటికి లోపలి గోడ గడియారం కనబడుతూ ఉండడం వల్ల, ఆ పూట దానిని చూడడం తప్ప నాకు వేరే పని లేకపోవడం వల్ల.

మాది బెంగుళూరు పాతపేటలో మూడు తరాలుగా ఉన్న నేతవారి ఇల్లు. ఇంటి వెనుక మగ్గాల సాల ఉండేది. పట్టు నేసే మగ్గానికి కింద గుంట ఉంటుంది. నేసేవాడు గుంట గట్టు మీద కూర్చొని, కాళ్లు లోపలికి జారవిడిచి, అడుగున ఉన్న పలకలను తొక్కుతూ నేస్తాడు. మా నాయన అట్లా నలభై ఏళ్లకు పైగా కూర్చున్నారు. కళ్లకు పొరలు కమ్మి పోగుకూ పోగుకూ భేదం తెలియకుండా పోయిన తరువాత మగ్గం విప్పించి కొయ్యలు అటక మీద పెట్టించారు. ఆ మరుసటి వానాకాలంలో సాల కప్పు ఒక పక్క కూలిపోయింది. పెంకులు తీసివేశాము. మిగిలినది ఆకాశం కింద ఒక గుంట. దానిని పూడ్పించి అక్కడ ఒక గది వేద్దామని నేను రెండు మార్లు అన్నాను. ఆయన కాదనలేదు, ఔననలేదు.

మా వంశంలో బి.ఎ. పట్టా తీసుకున్న మొదటివాడిని నేను. పట్టా వచ్చిన కొద్ది కాలానికే సర్కారు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం కూడా వచ్చింది. నేను ఇంటర్మీడియట్ చదువుతున్నప్పుడు అమ్మ పోయింది. ఆ తరువాత చాలా ఏళ్లు ఆ ఇంట్లో మేము ఇద్దరమే. ఎదురెదురుగా కూర్చొని అన్నం తినేవాళ్లం. “చాలునా అప్పా?” అని ఆయన, “చాలు నాయనా” అని నేను. ఇంతకు మించి మాట్లాడుకున్న రోజులు తక్కువ. ఆయన స్వభావమే అంత అని నేను నమ్మాను. తక్కువ మాట్లాడే తండ్రి అని ఆయనను గూర్చి నా స్నేహితులకు కొంత గర్వంతోనే చెప్పేవాడిని.

నాకు పెండ్లయిన తరువాత కూడా మొదటి ఏడాది అట్లాగే గడిచింది. నా భార్యది సరిహద్దు జిల్లాలోని నేతవారి కుటుంబం. మామగారి ఎదుట తల వంచుకొని తిరిగేది.

ఇటువంటి ఇంటికి సింగాడాను తెచ్చినవాడిని నేనే. ఈ మాట నొక్కి చెప్పవలసి ఉంది.

మా ఆఫీసులో ఉత్తరదేశం నుంచి బదిలీ అయి వచ్చిన పెద్ద గుమాస్తా ఒకరు ఉండేవారు. తమ ఊరి చెరువుల్లో పండే సింగాడా కాయలను గూర్చి ఆయన మధ్యాహ్నం టిఫిను వేళ తరచుగా చెప్పేవారు. నీళ్ల మీద తేలే ఆకుల కింద కాస్తాయని, రెండు పక్కలా కొమ్ములు ఉంటాయని, పచ్చిగా తింటే లేత కొబ్బరిలా ఉంటాయని, ఎండబెట్టి విసిరిన పిండితో ఉపవాసం నాడు రొట్టెలు చేస్తారని. బెంగుళూరులో ఇంటి దగ్గర ఎవరూ పెంచడం లేదని తెలిసి నాకు ఉత్సాహం కలిగింది. నాకంటూ ఒక అభిరుచి ఉండవలెనని, చదువుకున్నవాడికి అది శోభనిస్తుందని ఆ రోజుల్లో నా అభిప్రాయం. వేసవి సెలవుకు వెళ్లినప్పుడు ఆయన నా కోసం కొన్ని విత్తనపు కాయలను తడి గోనెగుడ్డలో చుట్టి, మూత ఉన్న ఇత్తడి పాత్రలో నీళ్లు పోసి, రైలులో ఒడిలో పెట్టుకొని తెచ్చారు. కొన్నింటికి అప్పటికే తెల్లని మొలకలు కనిపిస్తున్నాయి. “అడుగున బురద, పైన మోకాలి లోతు నీళ్లు, నడినెత్తిన ఎండ. అంతే” అన్నారు.

నేను మేస్త్రీని పిలిపించి, ఇంటి ముందర మెట్ల పక్కన సిమెంటు తొట్టి కట్టించే ఏర్పాటు చేశాను. వీధిలో పోయేవారికి కనబడేటట్లు ముందరే కట్టమన్నాను. ఇంతలో నాయన ఆ పాత్ర మూత తీసి, ఒక కాయను వేళ్లతో తడిమి చూశారు.

“ఏందప్పా ఇది? ఎద్దు తలకాయ మాదిరి కొమ్ములు ఉండాయి.”

చెప్పాను. బురద, మోకాలి లోతు, ఎండ.

“మోకాలి లోతంటే మన గుంట ఉండాది కదప్పా” అన్నారు. “పైన కప్పు గూడా లేదు. సుమ్మనె ఖాళీగా ఉండాది.”

“తొట్టి కట్టిస్తున్నాను నాయనా.”

“కట్టించుకో. అది నీది. గుంటలో నాకు నాలుగు వెయ్యి.”

పాత్రలోని కాయలను రెండు భాగాలు చేసి సగం ఆయనకు ఇచ్చాను. నా సగం తొట్టి తయారయ్యే దాకా భద్రపరచవలెను. విలువైన దానిని ఎట్లా భద్రపరచవలెనో నేతవారి ఇంట్లో పుట్టినవాడికి ఎవరూ నేర్పనక్కరలేదు. మాకు తేమ శత్రువు. పట్టును తేమ తగలనీయకుండా తెల్లని గుడ్డలో చుట్టి, ఎండిన వేపాకు వేసి, కొయ్యపెట్టెలో పెడతాము. నేను నా కాయలను శుభ్రంగా తుడిచి, గుడ్డలో చుట్టి, వేపాకు వేసి, నాయన పాత పట్టు పెట్టెలోనే పెట్టాను.

ఆయన మాత్రం ఆ వారమే పరిచయమున్న బండివాడితో చెప్పి వర్తూరు చెరువు నుంచి బంకమట్టి తెప్పించారు. కె.ఆర్.పురం మీదుగా వచ్చిన ఆ ఎద్దుబండి మా సందులో పట్టక, మట్టిని గంపలతో మోసుకోవలసి వచ్చింది. అది నేను ఆఫీసులో ఉన్న రోజు. సాయంత్రం వచ్చి చూసేసరికి గుంట గోడలకు మట్టి మెత్తి ఉంది. అడుగున నా భార్య పాదాల గుర్తులు, నాయన పాదాల గుర్తులు కలగలిసి ఉన్నాయి. ఇద్దరూ కలిసి తొక్కారు. కొంగు బొడ్లో దోపుకొని ఆమె గట్టు మీద కూర్చొని ఉంది. మోచేతుల దాకా మట్టి. నన్ను చూసి కూడా లేవలేదు.

“చూడండి, మామ జారి పడబోతే నేను పట్టుకొంటిని” అన్నది నవ్వుతూ.

“అబద్ధం. నువ్వు పడబోతే నేను పట్టుకొంటిని” అన్నారు నాయన.

ఆయన అట్లా అబద్ధమాడి నవ్వడం నేను అంతకు ముందు వినలేదు.

జూన్ పద్దెనిమిదిన నీళ్లు పోసినప్పుడు నేను కూడా దిగబోయాను. నాయన చేయి అడ్డం పెట్టారు. “జరుగప్పా, నీకు బురద పడ్తాది.” ఆ మాట నాకు కొత్త కాదు. హైస్కూలులో చేరిన నాటి నుంచి మగ్గం దగ్గర ఇదే మాట వింటూ వచ్చాను. పడుగు సాగదీయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒక కొనను ఒకరు పట్టుకోవాలి. పేటలోని ప్రతి ఇంట్లో ఆ రెండో కొన కొడుకు చేతిలో ఉండేది. మా ఇంట్లో మాత్రం అమ్మ పట్టుకునేది. అమ్మ పోయిన తరువాత పక్కింటివారినో, ఎదురింటివారినో బతిమాలి పిలుచుకొని వచ్చేవారు గాని, పక్క గదిలో పుస్తకం పట్టుకొని కూర్చున్న నన్ను పిలవలేదు. నేను లేచి వెళ్లినా, “నువ్వు చదువుకో పో అప్పా” అనేవారు. నా చేతులు ఆయనకు పనికిరావని నేను అర్థం చేసుకున్నాను. చదువుకున్నందుకు గౌరవం ఇస్తున్నారని లోకం అనుకున్నది.

ఇప్పుడు ఆ రెండో కొన నా భార్య చేతిలో ఉంది.

జూలై నడిమికి నాయన కాయలు నీటి పైకి వచ్చాయి. చిన్న చిన్న ముక్కోణపు ఆకులు చక్రంలా పరుచుకొని తేలుతూ, ప్రతి ఆకు కాడ మధ్యలో గాలి నింపినట్లు ఉబ్బి ఉండేది. అప్పటికి నా తొట్టి కూడా తయారయింది. పెట్టె తెరిచి చూస్తే కాయలు గలగలలాడుతున్నాయి. మొలకలు ముట్టుకుంటే పొడి అయినాయి. అయినా బురదలో నాటి, నీళ్లు పోసి, ప్రతి ఉదయం గడ్డం గీసుకునే ముందు వెళ్లి చూసేవాడిని. నీళ్లలో నా ముఖం తప్ప ఏమీ కనిపించేది కాదు.

నా భార్య ఒకనాడు నా వెనుక వచ్చి నిలబడింది. “వీటిని గూడా పట్టు మాదిరి దాచినారంట కదా మీరు?”

“నీకెవరు చెప్పారు?”

“మామ. పెట్టె తెరిస్తే వేపాకు వాసన వచ్చెనంట. ఒకటే నవ్వు. ‘నా కొడుకు కాదని ఎవురన్నా అంటే ఈ పెట్టె చూపిస్తాను’ అన్నాడు.”

ఆ మాటలో ప్రేమ ఉన్నదని ఇప్పుడు చదివేవారికి తోచవచ్చు. ఆనాడు నాకు వినిపించినది ఒక్కటే. నన్ను గూర్చిన మాట నాతో అనక, ఆమెతో అన్నారు. నా ఎదుట మాత్రం తొట్టి దగ్గరికి వచ్చి, చుట్టానికి చెప్పినట్లు, “బాగా కట్టినాడప్పా మేస్త్రీ” అని మర్యాదగా చెప్పి వెళ్లిపోయారు.

ఆగస్టుకు గుంట నిండా ఆకులు కమ్ముకొన్నాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి ఊపిరాడకుండా అయినాయి. అప్పుడు నాయన చేసిన పని చెరువుల్లో సింగాడా పండించేవారు ఎవరూ చేసి ఉండరు. అటక మీది నుంచి పాత నారతాళ్లు దింపి, గుంటకు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పడుగులాగా వరుసగా కట్టారు. మళ్లీ అడ్డంగా పేకలాగా కట్టారు. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క ఆకుచక్రం. ఆయనకు ముడి కనబడదు. వేళ్లతో తడిమి, “ఇది బిగిసిందా?” అని అడుగుతారు. నా భార్య అవతలి గట్టున కూర్చొని తాడు లాగి, “బిగిసింది మామా” అంటుంది. అదే పడుగు పని. అదే ఇద్దరు మనుషులు.

“మామా, మీ కండ్లకు ఆకు కనబడ్తాదా, తాడు కనబడ్తాదా?”

“రెండూ లేదు. నీ నోరు మాత్రం బాగా వినబడ్తాది.”

“అయితే నోరు మూసుకోమంటారా?”

“మూస్తే నువ్వు ఏ దిక్కున ఉండావో నాకెట్ల తెలిసేది?”

గోడకు ఇవతల నేను అద్దం ముందు కూర్చొని ఇవన్నీ వినేవాడిని. ముఖానికి రాసుకున్న సబ్బు ఎండిపోయేది. మెల్లగా ఆయన ఆమెకు కథలు చెప్పడం మొదలుపెట్టారు. చిన్నప్పుడు మగ్గం మీదనే నిద్రపోయి, తల పడుగు మీద వాలి, పోగులు తెంచి, వాళ్ల నాయన చేత దెబ్బలు తిన్న కథ. మా అమ్మ పెండ్లిచూపులకు వెళ్లి, పొరపాటున ఆమె పెద్దక్కను చూసి సరేనని వచ్చి, ఆ రాత్రంతా జ్వరం తెచ్చుకొన్న కథ. మా అమ్మ కథ! ఆ ఇంట్లో ఆమె కడుపున పుట్టినవాడిని నేను. ఆ కథ నాకు తెలియదు. గోడ చాటున, గడ్డం గీసే కత్తి చేతిలో పట్టుకొని, కోడలికి చెబుతుండగా వినవలసి వచ్చింది.

నా అసూయ ఒక్క దిక్కుకు పోయేది కాదు. నాయన మాటలన్నీ ఆమెకు పోతున్నాయని ఆమె మీద కోపం. ఆమె నవ్వంతా పెరట్లోనే అయిపోయి నాకు భోజనం వడ్డించే వేళకు అలసట మాత్రమే మిగులుతోందని నాయన మీద కోపం. సాయంత్రం సైకిలు దిగి లోపలికి వస్తే, “ఈ పొద్దు తెల్ల పువ్వు నీళ్లలో నుంచి తల ఎత్తింది, మీరు చూడలేదు” అని ఆమె చెప్పేది. చూడలేదని నాకు తెలుసు కదా. పువ్వు రాలకముందే కాడ వంగి నీటిలోకి దిగిపోతుందని, కాయ అడుగున పెరుగుతుందని నాకు ముందే తెలుసు. పెద్ద గుమాస్తా నాకే చెప్పారు. దానిని నాకు కొత్త సంగతి చెప్పినట్లు చెప్పేది.

“మీకు ఏంటికి అంత బేజారు?” అని ఆమె ఒకసారి నేరుగానే అడిగింది. “మీరు గూడా రాండి, ఒక తాడు పట్టుకోండి.”

“పిలిస్తే వస్తాను.”

“పిలిచేదానికి ఇదేమన్నా పెండ్లా?”

“ఆయన పిలవాలి.”

ఆమె నవ్వు ఆపింది. “ఆయప్పకు మిమ్మల్ని చూస్తే భయం” అన్నది.

“నాకు భయపడతారా! ఎందుకు?”

“ఆయప్పనే అడగండి.”

నేను అడగలేదు. ఆమెకు తెలిసినది నాకు తెలియదని ఒప్పుకొని అడగడానికి మనసు రాలేదు.

సెప్టెంబరులో దోమల నివారణకు తిరిగే ఉద్యోగి ఒకడు నూనె డబ్బా భుజాన వేసుకొని వచ్చాడు. నీళ్లు నిలవ ఉన్న ప్రతి చోటా నూనె చల్లి పోవడం అతని పని. గుంటను చూడగానే మూత తిప్పబోయాడు. నాయన రెండు చేతులూ చాచి గుంటకు అడ్డం నిలబడి, లోపలికి కేక వేశారు. “అప్పా! రా ఇట్ల!”

నన్ను గుంట దగ్గరికి పిలిచారు! పరుగెత్తుకొని వెళ్లాను.

“సార్ గారికి నువ్వు చెప్పప్పా, ఇంగ్లీషులో” అన్నారు నాయన.

గుంటలో నాయన వదిలిన చిన్న చేపలు ఉన్నాయి. మట్టి బండితో పాటు ఒక కుండలో వచ్చినవి. ఆ చేపలు దోమపిల్లలను తింటాయని, నూనె పోస్తే చేపలు చచ్చి దోమలే మిగులుతాయని నేను ఇంగ్లీషులోనూ కన్నడంలోనూ వివరించాను. అతడు వంగి, ఆకులు పక్కకు తోసి, చాలాసేపు చూశాడు. ఒక్క దోమపిల్ల కనబడలేదు. “చేపలు చస్తే మాత్రం నూనె పోస్తాను సార్” అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం నాయన సందు పొడుగునా చెప్పుకొన్నారు. “రెండు మాటలు ఇంగ్లీషులో అన్నాడు మావోడు, డబ్బా మూసుకొని పాయె!” పొగడ్త నిజమైనదే. కానీ అతడు వీధి మలుపు తిరగక ముందే ఆయన నా వైపు చూసి, “ఇంగ పో అప్పా, నీ పని చూసుకో” అని, “అమ్మాయ్, ఆ తాడు వదులయింది చూడు” అని ఆమెను పిలిచారు. వాకిలి దగ్గరి పనులు నావి. సర్కారుతో, కాగితంతో, ఇంగ్లీషుతో చేసే పనులు నావి. పెరటి పనులు వాళ్లవి. ఇంటిని ఆయన అట్లా రెండుగా కోసి పెట్టారు.

అక్టోబరు చివర మొదటి కోత కోశారు. ఆకుచక్రాన్ని ఒకరు నీళ్లలో నుంచి ఎత్తి పట్టుకుంటే, మరొకరు కింద వేలాడే కాయలను తెంపాలి. కొమ్ముల కొనలు ముళ్లలాగా ఉంటాయి. నాయన ఎత్తి అందించేవారు, ఆమె ఒక చేత్తో పట్టుకొని తెంపేది. ఉడికించిన కాయలు నల్లబడ్డాయి. లోపలి గింజ తెల్లగా, పిండిగా, ఏ రుచితోనూ పోల్చలేని రుచిగా ఉంది. పెద్ద గుమాస్తాకు ఒక గిన్నె తీసుకొని వెళ్లాను. ఆయన కళ్లు మూసుకొని తిని, “మీ తొట్టిలో కాచినవా?” అని అడిగారు. మా ఇంట్లో కాచినవి అని మాత్రం చెప్పాను.

నవంబరులో నా భార్యకు ఏడో నెల రావడంతో ఆమె అన్న వచ్చి పురుటికి పుట్టింటికి తీసుకొని వెళ్లాడు. బండి ఎక్కుతూ కూడా ఆమె, “మామా, రెండో కాపు రాలిపోతాది, బిరాన కోయండి” అని చెప్పింది. నాకు చెప్పినది వేళకు తినమని.

బండి సందు దాటగానే నా గుండె తేలిక పడింది. ఇప్పుడు ఆయన కాక ఇంట్లో ఉన్న మనిషిని నేను ఒక్కడినే. ఎత్తేవాడికి తెంపేవాడు కావాలి. పిలవక ఆయనకు గతి లేదు. నేను మరునాడు ఆఫీసుకు ఆలస్యంగా బయలుదేరదామని, పాత పంచె ఒకటి తీసి దండెం మీద సిద్ధంగా వేసుకొన్నాను.

ఆయన పిలవలేదు. ఆ రోజు, ఆ వారం, ఆ మరుసటి వారం. గట్టు మీద కూర్చొని, కాళ్లు నీళ్లలోకి జారవిడిచి, ఆకులను తడుముతూ ఉండేవారు. పండిన కాయలు కాడ నుంచి ఊడి ఒక్కొక్కటే అడుగుకు పోతున్నాయి. నేను చూస్తూ ఉండలేక అన్నాను.

“నాయనా, కాయలు రాలిపోతున్నాయి.”

“ఆ పిల్ల వచ్చినాక చూద్దాములేప్పా.”

“ఆమె బిడ్డతో వచ్చేసరికి ఎండాకాలం. అంతదాకా కాయ ఆగుతుందా?”

“రాలితే రాలనీ.”

నేను తెచ్చిన విత్తనం, మా ఇంటి గుంట, నా తండ్రి. కాయ కుళ్లిపోయినా సరే గాని, నా చేయి మాత్రం తగలకూడదు. ఆ రాత్రి నేను తినకుండా లేచిపోయాను. ఆయన “చాలునా అప్పా?” అని కూడా అడగలేదు.

రెండు రోజుల తరువాత, ఉదయం ఆఫీసుకు బయలుదేరుతూ పెరటి వైపు చూశాను. నాయన గట్టు మీద కూర్చొని ఒంటరిగా కోయడానికి ప్రయత్నిస్తున్నారు. ఎడమ చేత్తో ఒక ఆకుచక్రాన్ని పైకి ఎత్తారు. నీళ్లు కారుతున్న ఆ బరువును అలవాటు చొప్పున పక్కకు చాచి, “పట్టుకోమ్మా” అన్నారు. పక్కన ఎవరూ లేరు. చేయి అట్లాగే గాలిలో ఉంది.

నేను వెళ్లి పట్టుకొన్నాను.

ఆయన వేళ్లు నా చేతి గడియారం పట్టీకి తగిలాయి. ఉలిక్కిపడ్డారు. “నువ్వా! పెట్టప్పా కింద. ముల్లు గుచ్చుకుంటాది. ఆఫీసుకు టైమయితా ఉండాది, పో.”

నేను పోలేదు. ఆయనకు ఎదురుగా గట్టు మీద కూర్చొని, తెల్ల ప్యాంటుతో, బూట్లతో కాళ్లు గుంటలోకి దింపాను. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి.

“రేయ్! బుద్ధి ఉండాదా నీకు? ఇస్త్రీ ప్యాంటు! బూట్లు! పిచ్చి పట్టిందా ఏంరా?”

ఆయన నన్ను తిట్టి ఎన్నో ఏళ్లయింది. “మగ్గం కాడికి రానియ్యలేదు. సరే. నీళ్ల కాడికి గూడా పనికిరానా నేను? అందరినీ పిలిచినావు. పక్కింటోళ్లను పిలిచినావు. నిన్న వచ్చిన కోడల్ని పిలిచినావు. నన్ను ఎందుకు పిలవవు నాయనా?” అన్నాను. ఆఫీసు తెలుగు, పుస్తకాల తెలుగు అన్నీ పోయి, ఇంటి మాటే వచ్చింది.

ఆయన చేతిలోని ఆకు నీళ్లలోకి జారిపోయింది. తరువాత నా వైపు కాక, నీళ్ల వైపు చూస్తూ చెప్పారు.

“నాకు పదేండ్లప్పుడు, నేను బడికి పోతా ఉంటే మా నాయన పిలిచినాడు. ‘ఒక్క పూట పడుగు పట్టుకోరా, మీ చిన్నాయన ఊర్లో లేడు’ అన్నాడు. పలక గూట్లో పెట్టి వచ్చి పట్టుకొంటిని. ఒక్క పూటే. చిన్నాయన మరునాడే వచ్చేసె. అయినా మా నాయన మళ్లీ పిలిచినాడు. నా చెయ్యి బాగా కుదిరిందంట. ఇంగ విడిచింది యాడ? మొన్న కండ్లు పోయినప్పుడు విడిచినాను.”

ఆయన తడి చేతులను పంచెకు తుడుచుకొన్నారు.

“మా నాయన చెడ్డోడు కాదురా. పిలిచేది మరిగినాడు, అంతే. నేను గూడా నాయననే కదా. నిన్ను ఒక్కసారి పిలిచినానంటే, మళ్లీ పిలవకుండా ఉంటానని నాకు నా మీద నమ్మకం లేదు. పక్కింటోళ్లయితే పని అయినాక వాళ్ల ఇంటికి పోతారు.”

“ఇప్పుడు నాకు బడి లేదు నాయనా. ఉద్యోగం ఉండాది. ఎవురూ పెరుక్కోరు.”

“ఆ పిల్ల గూడా ఇదే మాట అన్నది.”

“ఏ పిల్ల?”

“నీ పెండ్లాం. పూత వచ్చినప్పుడే ఆ పిల్లకు చెప్తిని ఈ సంగతి. ‘పిలవండి మామా, ఏమీ కాదు’ అన్నది. నాకే నోరు రాలేదు.”

ఆ క్షణంలో కూడా నాకు అసూయే కలిగింది. నా బాల్యమంతటికీ అర్థం చెప్పే మాట, నాకంటే మూడు నెలల ముందు ఆమెకు తెలుసు. అద్దం ముందు సబ్బు ఎండిపోతుండగా ఏ రోజున ఆ మాట గోడ దాటి నాకు వినిపించకుండా పోయిందో అని వెతుక్కొన్నాను. ఆమెతో ఆ సంగతి ఎంత తేలికగా చెప్పి ఉంటారో, తాడు ముడి వేస్తూ, ఆమె ‘ఊ’ కొడుతూ ఉండగా. నాకు చెప్పడానికి ఆయనకు ఇంత కాలం, ఇంత కష్టం.

నాయన నీళ్లలోకి చేయి పెట్టి మళ్లీ ఆకుచక్రాన్ని ఎత్తారు. నా వైపు చాచారు.

“పట్టుకోరా” అన్నారు. “అట్ల కాదు. కాడ కింద పట్టుకో. ఆకు పట్టుకుంటే చినిగిపోతాది. ఏం నేర్పినారురా నీకు కాలేజీలో!”

పట్టుకొన్నాను. ముల్లు బొటనవేలిలో దిగింది. నేను ‘అబ్బా’ అన్నా ఆయన ఆగలేదు. తరువాతి ఆకును ఎత్తారు. రాలినవి పోగా మిగిలిన కాయలు ఒక చిన్న గిన్నెకు కూడా నిండలేదు. ఆ ఉదయం ఆఫీసుకు వెళ్లేసరికి పదకొండు దాటింది. బూట్లలో నీళ్లు పచపచలాడుతున్నాయి. పెద్ద గుమాస్తా నా కాళ్ల వైపు చూసి, తన కాగితాల వైపు తిరిగిపోయారు.

ఆ తరువాత మారినది ఇంత. నాయన నన్ను పిలవడం మొదలుపెట్టారు. బిందె అందించడానికి, తాడు బిగించడానికి, అటక మీది కొయ్యలు దింపడానికి, ఒక్కొక్కప్పుడు ఏ పనీ లేకుండా కూడా పిలిచేవారు. నన్ను తిట్టేవారు. అడుగున రాలిన కాయలు తమంతట తామే మొలిచి మరుసటి ఏడు గుంట నిండింది. 1966లో ఆయన పోయే దాకా ఆ గుంటలో ప్రతి ఏడూ సింగాడా కాసింది. ప్రతి కోతలోనూ రెండో చేయి నాది. నా భార్య బిడ్డను ఒడిలో పెట్టుకొని గట్టు మీద కూర్చొనేది. కథలు మాత్రం ఆయన చివరి దాకా ఆమెకే చెప్పారు. నేను పని చేస్తూ వినేవాడిని.